చిల్లుపడిన ఫైబర్ గ్లాసు పడవ: మరమ్మతు, పటిష్ఠీకరణ పద్ధతులు – మేడ్చల్, శామీర్‌పేట చెరువుల నేపథ్యం

సారాంశం

చెరువుల్లో నీటి కలుపు తొలగింపునకు, నీటి నమూనాల సేకరణకు, చేపల వేటకు వాడే ఫైబర్ గ్లాసు పడవలు చిన్న దెబ్బతో మూలపడటం తరచుగా కనిపిస్తుంది. కారణం దెబ్బ పెద్దది కావడం కాదు. మరమ్మతు సూత్రం తెలియకపోవడం. చిల్లును పూడ్చడం వేరు, తెగిన గాజు నారల బలాన్ని తిరిగి నిలబెట్టడం వేరు. ఈ వ్యాసంలో దెబ్బను గుర్తించే పద్ధతి, ఎండబెట్టడం, వాలుగా అరగదీయడం, రెసిన్ కలపడం, పొరలు వేయడం, మరమ్మతుతో పాటు చేయదగిన పటిష్ఠీకరణ, భద్రతా నియమాలు వివరించబడ్డాయి.

ఉపోద్ఘాతం

సస్య విజ్ఞాన శాస్త్రంలో కలుపు యాజమాన్యం ఒక ప్రధాన విభాగం. అందులో నీటి కలుపు గురించి విద్యార్థులు చదువుతారు. గుర్రపు డెక్క జీవిత చక్రాన్ని పరీక్షలో తప్పులేకుండా రాస్తారు. అయితే ఆ కలుపును చెరువు నడుమ నుంచి గట్టుకు చేర్చే సాధనం గురించి పాఠ్యాంశాల్లో ఒక్క వాక్యమైనా కనిపించదు. పొలంలో నాగలికి, గొర్రుకు ఉన్న స్థానమే నీటిపై పడవకు ఉంది. పనిముట్టు పాడైతే బాగుచేసుకునే జ్ఞానం కూడా యాజమాన్యంలో భాగమే.

హైదరాబాదుకు ఉత్తరాన జాతీయ రహదారి 44 మీద మేడ్చల్, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ ప్రాంతం గొలుసుకట్టు చెరువులకు నెలవు. నిజాం కాలం నాటి శామీర్‌పేట పెద్ద చెరువు వీటిలో ప్రసిద్ధమైనది. ఇక్కడి చెరువుల ఆయకట్టులో చాలా భాగం నేడు కాలనీలుగా, పరిశ్రమలుగా మారినప్పటికీ, చెరువుల మీద ఆధారపడిన గంగపుత్రులు, ముదిరాజులు ఇప్పటికీ చేపల వేట సాగిస్తున్నారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చెరువుల పూడికతీత, 2016–17 నుంచి ఉచిత చేప పిల్లల పంపిణీ తెలంగాణ చెరువులలో మత్స్య సంపదపై ఆశలు పెంచాయి. చేపలు పెరిగినా, వాటిని పట్టేవారికి భద్రమైన సాధనం ఉండాలి కదా.

తెలంగాణ చెరువులలో జాలరులు సంప్రదాయంగా వాడేది తెప్ప లేదా పుట్టి. నేడు చాలాచోట్ల థర్మోకోల్ దిమ్మెలకు పాత వల చుట్టి తెప్పగా వాడుతున్నారు. ఒక మనిషి కూర్చుని వల వేయడానికి అది సరిపోవచ్చు; గుర్రపు డెక్క దట్టంగా అల్లుకున్న నీటిలో అది ప్రమాదకరం. తెప్ప బోల్తాపడితే వేళ్ల జాలంలో కాళ్లు చిక్కుకుని ఈత వచ్చినవారికి కూడా బయటపడటం కష్టమవుతుంది. అందువల్ల సంఘానికి ఉన్న ఒక్క ఫైబర్ గ్లాసు పడవ చిల్లుపడి కట్ట మీద బోర్లా పడి ఉండటం కేవలం ఆస్తి నష్టం కాదు. జాలరి తిరిగి తెప్ప ఎక్కవలసి రావడం. ఈ వ్యాసం ఉద్దేశం అక్కడే ఉంది.

పదార్థ స్వభావం

ఫైబర్ గ్లాసు పడవ రెండు పదార్థాల కలయిక. బలాన్నిచ్చేది గాజు నార. ఆ నారలను ఒకదానికొకటి పట్టి ఉంచేది పాలిఎస్టర్ రెసిన్. వరి గడ్డి కలిపిన మట్టి గోడతో దీనిని పోల్చవచ్చు. మట్టి ఒక్కటే అయితే పగులుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. గాజు నార మార్కెట్లో రెండు రూపాలలో దొరుకుతుంది. చిన్న ముక్కలుగా కత్తిరించిన నారలను అన్ని దిక్కులకూ పరచి అతికించినది మ్యాట్. కట్టలను బట్టలా నేసినది రోవింగ్. చదరపు మీటరుకు 300, 450, 600 గ్రాముల బరువుతో మ్యాట్ లభిస్తుంది. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే రెసిన్‌తో కలిపి దాదాపు 1 మి.మీ. మందం వస్తుంది.

పడవ బయటి వైపు నునుపుగా, రంగుగా కనిపించే పలుచని పొర జెల్‌కోట్. దీని మందం సుమారు అర మి.మీ. మాత్రమే. దీనికి బలం లేదు. నీటి నుంచి, సూర్యరశ్మి నుంచి లోపలి పొరలను కాపాడటమే దీని పని. దీని వెనుక ఉండే నార, రెసిన్ పొరల సముదాయమే పడవ గుల్ల, అనగా అడుగు, పక్క గోడలు కలిసిన భాగం.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. కొత్త పడవ తయారయ్యేటప్పుడు పొరలన్నీ పచ్చిగా ఉండగానే ఒకదానిపై ఒకటి పడతాయి కనుక రసాయనికంగా ఒకే ముద్దగా గట్టిపడతాయి. గట్టిపడిన పాత గుల్లపై వేసే కొత్త పొరకు ఆ అవకాశం చాలా తక్కువ. అది గరుకు ఉపరితలాన్ని పట్టుకుని మాత్రమే నిలుస్తుంది. మరమ్మతు విధానంలోని నియమాలలో చాలా భాగం ఈ ఒక్క వాస్తవం నుంచి పుట్టినవే.

పడవ ఎందుకు దెబ్బతింటుంది?

మన ప్రాంతపు చెరువులలో నాలుగు కారణాలు ప్రధానంగా కనిపిస్తాయి.

మొదటిది, రాపిడి. దక్కన్ పీఠభూమిలోని ఈ భాగం గ్రానైటు రాళ్ల నేల. వేసవిలో నీరు వెనక్కి తగ్గిన కొద్దీ పడవను మొరం మీద, రాళ్ల మీద ఈడ్చవలసి వస్తుంది. అడుగున పొడవునా ఉండే వెన్ను భాగంలో జెల్‌కోట్ అరిగి, నారలు బయటపడతాయి.

రెండవది, నీటి అడుగున కనబడని ఇనుము. నగర పరిసర చెరువులలో వినాయక నిమజ్జనం తరువాత విగ్రహాల ఊచలు, చట్రాలు పూర్తిగా తొలగించని చోట నీరు తగ్గినప్పుడు అవి పడవ అడుగుకు తగులుతాయి. నిలువు ఊచ తగిలితే చిల్లు చిన్నదిగా కనిపిస్తుంది. లోపల పొరలు మాత్రం అరచేతి వెడల్పున విడిపోతాయి.

మూడవది, అధిక భారం. గుర్రపు డెక్కలో 90 శాతానికి పైగా నీరే. దట్టంగా పెరిగిన చోట ఒక చదరపు మీటరు నుంచి 20 కిలోలకు పైగా పచ్చి కలుపు వస్తుంది. అంటే పది చదరపు మీటర్ల కలుపు ఎత్తేసరికి 200 కిలోలు దాటుతుంది. కుప్పగా పోసిన ఈ బరువుకు అడుగు పలక కిందికి వంగి, పక్కలతో కలిసే మలుపు దగ్గర జుట్టులాంటి పగుళ్లు ఏర్పడతాయి.

నాలుగవది, ఎండ, తేమ. ఎండకు జెల్‌కోట్ సున్నం రాలినట్లు పొడిబారుతుంది. పగుళ్లలోంచి చేరిన తేమ రెసిన్‌లోని కొన్ని అంశాలను కరిగించుకుని బొబ్బలుగా పైకి ఉబుకుతుంది. బొబ్బను పొడిస్తే వచ్చే ద్రవం జిగటగా, పుల్లని వాసనతో ఉంటే పొరలలోనికి నీరు చేరిందని అర్థం.

దెబ్బ విస్తృతిని గుర్తించడం

కంటికి కనిపించే చిల్లు అసలు దెబ్బలో ఒక భాగమే. ముందుగా పడవను మంచినీటితో కడిగి ఆరనిచ్చి, చిల్లుకు దూరం నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తూ నాణెంతో గానీ చిన్న సుత్తితో గానీ తట్టాలి. గట్టి భాగం ఖణేల్‌మని మోగుతుంది. పొరలు విడిపోయిన భాగం బొద్దుగా, మొద్దుగా పలుకుతుంది. పండిన పుచ్చకాయను, పండనిదానిని వేళ్లతో తట్టి గుర్తించే రైతుకు ఈ తేడా చెప్పనక్కరలేదు. శబ్దం మారిన గీత వెంట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. అదే అసలు దెబ్బ హద్దు.

తేమను తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. ఒక అడుగు చదరపు పాలిథిన్ కాగితాన్ని గుల్లపై పరచి, నాలుగు అంచులనూ గాలి చొరకుండా టేపుతో అంటించి, ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. కాగితం లోపలి వైపు నీటి చెమ్మ కనిపిస్తే గుల్ల ఇంకా ఎండలేదు.

దెబ్బలను మూడు తరగతులుగా విభజించుకోవడం ఉపయోగకరం. జెల్‌కోట్ వరకే ఉన్న గీతలు మొదటి తరగతి. వీటిని జెల్‌కోట్ లప్పంతో సరిచేయవచ్చు. చిల్లు లేదా పొరలు విడిపోవడం ఒక పలకకే పరిమితమైతే రెండవ తరగతి; శిక్షణ పొందిన సంఘ సభ్యులు గ్రామంలోనే బాగుచేసుకోవచ్చు. వెన్ను తెగడం, మోటారు బిగించే వెనుక పలక కుళ్లడం, పగులు ఒక పక్క నుంచి మరో పక్కకు సాగడం, అడుగు భాగం విశాలంగా మెత్తబడటం మూడవ తరగతి. ఇలాంటి పడవను ఫైబర్ పనివారి కార్ఖానాకు పంపాలి లేదా వాడకం నుంచి తొలగించాలి. ఈ మూడవ తరగతిని రెండవదిగా పొరబడటమే ప్రాణాపాయానికి దారితీస్తుంది కనుక, సందేహం ఉన్నప్పుడు పై తరగతిగానే పరిగణించాలి.

పూత పూసి వదిలేస్తే ఏమవుతుంది?

చిల్లుపై తారు పూయడం, బజారులో దొరికే ఎపాక్సీ ముద్దను నొక్కడం సాధారణంగా జరిగే పని. ఇవి నీటిని కొద్దికాలం ఆపగలవు, బలాన్ని మాత్రం ఇవ్వలేవు. పడవ కదిలినప్పుడల్లా గుల్ల వంగుతుంది, ముద్ద వంగదు. కొద్ది రోజులలో అంచు వెంట సన్నని సందు ఏర్పడి, అందులోంచి నీరు పొరలలోనికి చేరుతుంది. తరువాత సరైన మరమ్మతు చేయాలన్నా తారు, పాత ముద్ద పూర్తిగా గీకి తీయవలసి వస్తుంది. పైగా ఎపాక్సీపై పాలిఎస్టర్ రెసిన్ సరిగా అంటుకోదు. పాత పాలిఎస్టర్‌పై ఎపాక్సీ బాగా అంటుకుంటుంది. దానికి విరుద్ధ క్రమం పనికిరాదు. కాబట్టి ఆ పడవకు ముందు ఏ పదార్థం వాడారో తెలుసుకున్న తరువాతే పని ప్రారంభించాలి.

వాలు ఎందుకు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 6 మి.మీ. మందం గల గుల్లలో, పాడైన భాగం కోసి తీసిన తరువాత 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు గల రంధ్రం మిగిలిందనుకుందాం. సరిగ్గా ఆ కొలతకు ముక్క కోసి అమర్చితే, పాత గుల్లకూ కొత్త ముక్కకూ అంచు వెంట మాత్రమే స్పర్శ ఉంటుంది. చుట్టుకొలత 60 సెం.మీ., మందం 0.6 సెం.మీ. కనుక అతుకు వైశాల్యం 36 చదరపు సెం.మీ. మాత్రమే.

దీనికి బదులు అంచును మందానికి 12 రెట్ల దూరం, అనగా నాలుగు వైపులా 72 మి.మీ. వరకు, వాలుగా అరగదీద్దాం. అప్పుడు బయటి కొలత 34.4 × 24.4 సెం.మీ. అవుతుంది. మొత్తం సుమారు 839 చదరపు సెం.మీ.లో రంధ్రం 200 పోగా, 639 చదరపు సెం.మీ. మేర కొత్త పొరలు పాత గుల్లను పట్టుకుంటాయి. అంటే దాదాపు 18 రెట్ల అతుకు. పైగా బరువు ఒక పొర నుంచి మరొక పొరకు నెమ్మదిగా బదిలీ అవుతుంది. ఒకే గీత మీద పడదు. మరమ్మతులో అత్యధిక శ్రమ ఈ అరగదీతలోనే ఉంది. అందుకే చాలామంది దీనిని వదిలేస్తారు. అందుకే చాలా అతుకులు ఊడిపోతాయి.

మరమ్మతు విధానం

కాలం: మన ప్రాంతంలో చెరువు చేపల పట్టుబడి ఎక్కువగా వేసవిలో ముగుస్తుంది, రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారంలో చేరుకుంటాయి. మే నెల, జూన్ మొదటి వారం మరమ్మతుకు అనుకూలం. పొడి గాలికి గుల్ల త్వరగా ఎండుతుంది. నీరు పీల్చిన గుల్లకు ఎండటానికి కొన్ని వారాలు పట్టవచ్చు కనుక ఏప్రిల్‌లోనే దానిని నీడగా, గాలి తగిలే చోట బోర్లించి ఉంచాలి. వానాకాలపు చెమ్మలో పని చేయరాదు. శీతాకాలపు ఉదయాల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరికి పడిపోతే రెసిన్ సరిగా గట్టిపడదు.

శుభ్రత: అరగదీయక ముందే అసిటోన్ తడిపిన గుడ్డతో మైనం, నూనె, గ్రీజు తుడవాలి. ముందు అరగదీసి తరువాత తుడిస్తే ఆ జిడ్డు గరుకు గీతల లోపలికి దిగబడుతుంది. ఈ చిన్న క్రమభేదం ఫలితాన్ని మార్చివేస్తుంది.

కోత, అరగదీత: సుద్ద గీత వరకు పాడైన భాగాన్ని కోసి, మూలలు గుండ్రంగా ఉండేలా చూడాలి, పదునైన మూల నుంచి మళ్లీ పగులు పుడుతుంది. గ్రైండరుకు 40 లేదా 60 నంబరు ఇసుక కాగితపు బిళ్ల బిగించి పైన చెప్పిన వాలు తీయాలి. లోపలి వైపు కూడా రంధ్రం చుట్టూ పది సెం.మీ. మేర గరుకు చేయాలి.

ఆధారం: లోపలి వైపు నుంచి మైనం రాసిన పలుచని ప్లైవుడ్ లేదా మందపాటి ప్లాస్టిక్ పలకను గుల్ల వంపునకు తగినట్లు ఆనించి బిగించాలి. దీనిపైనే కొత్త పొరలు పేరుకుంటాయి. గట్టిపడ్డాక దానిని తీసివేసి, లోపలి వైపు ఒక మ్యాట్ పొర అదనంగా వేయాలి.

పదార్థ పరిమాణం: పై ఉదాహరణకు 450 గ్రాముల మ్యాట్ ఆరు పొరలు, లోపలి వైపు 40 × 30 సెం.మీ. పొర ఒకటి కావాలి. లెక్కవేస్తే గాజు నార సుమారు 185 గ్రాములు. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్ల రెసిన్ అవసరం కనుక రెసిన్ సుమారు 465 గ్రాములు. వృథా కలుపుకున్నా పావు కిలో నార, అర కిలోకు కాస్త మించిన రెసిన్ సరిపోతుంది. మూలపడిన పడవ విలువ ముందు ఈ పరిమాణం ఎంత స్వల్పమో సంఘ సభ్యులకు లెక్కగట్టి చూపించాలి.

రెసిన్ కలపడం: పాలిఎస్టర్ రెసిన్ గట్టిపడటానికి రెండు పదార్థాలు కావాలి. ఊదా రంగులో ఉండే కోబాల్ట్ ద్రావణం త్వరణకారి; పనివారు హార్డనర్ అని పిలిచే మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ ఉత్ప్రేరకం. కొన్ని రెసిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది, డబ్బాపై చూసుకోవాలి. లేనిచో కోబాల్ట్‌ను తయారీదారు సూచించిన మోతాదులో ముందుగా రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతే ఉత్ప్రేరకం చేర్చాలి. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. మంటలు లేచి విస్ఫోటనం జరుగుతుంది. రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టకపోవడం, రెండింటికీ ఒకే కొలపాత్ర వాడకపోవడం తప్పనిసరి నియమాలు.

ఉత్ప్రేరకం మోతాదు రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం. వేసవి వేడిలో 1 శాతం దగ్గర ఉంచాలి. అంతకు తగ్గిస్తే పొర ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. త్వరగా ముగించాలని 2 శాతం మించి వేస్తే అధిక వేడి పుట్టి పొర పెళుసుబారుతుంది. 200 గ్రాముల రెసిన్‌కు 1 శాతం అంటే 2 గ్రాములు. కంటి అంచనాతో కాక చిన్న తూకంతో గానీ సూది లేని సిరంజితో గానీ కొలవాలి. ఒకసారికి 200 గ్రాములకు మించి కలపరాదు. తెల్లవారుజామున లేదా సాయంత్రం, నీడలో పని చేస్తే చేతికి చాలినంత సమయం దొరుకుతుంది.

పొరలు వేయడం: వాలుకు ముందుగా రెసిన్ పూసి, అన్నిటికంటే పెద్ద మ్యాట్ ముక్కను మొదట వేయాలి, తరువాత క్రమంగా చిన్నవి. చిన్నది ముందు వేసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. పెద్దది ముందు వేస్తే అదొక్కటే వాలు మొత్తాన్నీ ఆనుకుని పట్టుకుంటుంది. చివరలో పైభాగం నునుపు చేసేటప్పుడు ఆ పట్టు కోతకు గురికాదు. ప్రతి పొర మీద బ్రష్షుతో అద్ది, గాళ్ల రోలరుతో గాలి బుడగలు పోయేవరకు ఒత్తాలి. తెల్లగా కనిపించే చోట రెసిన్ చేరలేదని, మడుగు కట్టిన చోట ఎక్కువైందని గ్రహించాలి. రెసిన్ ఎక్కువైతే బలం పెరగదు, పెళుసుదనం పెరుగుతుంది. ఒక్కసారిగా మూడు పొరలు వేసి, పుట్టిన వేడి తగ్గాక మిగిలిన మూడు వేయాలి. మైనం కలపని రెసిన్ అయితే ఒక రోజు లోపల తరువాతి పొర వేయవచ్చు; అంతకు మించితే మళ్లీ గరుకు చేయాలి.

ముగింపు పూత: గాలి తగిలే రెసిన్ పైభాగం జిగురుగానే ఉండిపోతుంది. అందువల్ల చివరి జెల్‌కోట్‌లో మైనపు ద్రావణం కలపాలి లేదా పైన పాలిఎస్టర్ ఫిల్మ్ కప్పాలి. అర మి.మీ. మందం చాలు. గట్టిపడిన తరువాత అసిటోన్ గుడ్డతో రుద్ది చూడాలి. ఉపరితలం మళ్లీ జిగురుబారితే పదును పూర్తికాలేదు. పడవను నీటిలో దించే ముందు కనీసం వారం రోజులు ఆరనివ్వాలి.

మరమ్మతుతో పాటు పటిష్ఠీకరణ

పడవ విరిగిన చోటు దాని బలహీనతను చెబుతుంది. అదే పడవను అదే స్థితికి తెస్తే అదే చోట మళ్లీ విరుగుతుంది. కనుక మూడు మార్పులు సూచించదగినవి.

1. వెన్ను రక్షణ: అరిగే వెన్ను వెంట 15 సెం.మీ. వెడల్పున మ్యాట్, రోవింగ్, మ్యాట్ క్రమంలో మూడు పొరలు అదనంగా వేయాలి. ఇది అరిగిపోవడానికే వేసే పొర. రెండు, మూడేళ్లకు మళ్లీ వేసుకోవచ్చు. నీటి పైపుల ప్లాస్టిక్‌ను అతికించాలనే ఆలోచన ఫలించదు. పాలిథీన్ జాతి ప్లాస్టిక్‌కు రెసిన్ అంటుకోదు. మరలు బిగిస్తే ప్రతి మర ఒక కొత్త చిల్లు. పడవను ఈడ్చేచోట పాత టైర్లు పరచడం వీటన్నిటికంటే చౌకైన రక్షణ.

2. అడుగు బిగువు: పలక వంగుడును నిరోధించే శక్తి మందం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. 6 మి.మీ. పలకను 7.5 మి.మీ. చేస్తే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. అయితే ప్రతి చదరపు మీటరుకు రెండు కిలోలకు పైగా బరువు చేరుతుంది. దీనికంటే లోపలి వైపు నురుగు పట్టీలు అడ్డంగా పెట్టి, వాటిపై టోపీ ఆకారంలో రెండు, మూడు పొరలు కప్పడం మేలు. తక్కువ బరువుతో ఎక్కువ బిగువు వస్తుంది. వెనుక పలకలో కలప మార్చవలసి వస్తే ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైన్ ప్లైవుడ్ వాడి, అన్ని అంచులనూ రెసిన్‌తో మూయాలి.

3. తేలుడు గదులు: ఫైబర్ గ్లాసు నీటికంటే బరువైనది, దాని సాంద్రత నీటికి సుమారు ఒకటిన్నర రెట్లు. నీరు నిండితే తేలుడు ఏర్పాటు లేని పడవ మునిగిపోతుంది. ఇది చాలామందికి తెలియని అంశం. 120 కిలోల గుల్ల పూర్తిగా మునిగితే 80 కిలోల నీటిని తొలగిస్తుంది. మిగిలిన 40 కిలోలు కిందికి లాగుతాయి. మోటారుకు 20, పడవను పట్టుకుని నీటిలో ఉన్న ముగ్గురికి తలకు 10 చొప్పున 30 కలిపితే 90 కిలోలు. నాలుగో వంతు అదనపు జాగ్రత్త చేర్చితే సుమారు 115 కిలోల తేలుడు కావాలి. ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత గల పాలియురిథేన్ నురుగు లీటరుకు 0.96 కిలోలను మోస్తుంది కనుక 120 లీటర్ల నురుగు అవసరం. అంటే ఒక్కొక్కటి 100 × 30 × 20 సెం.మీ. కొలతతో రెండు పెట్టెలు.

ఈ పెట్టెలను అడుగున కాక, రెండు పక్కలా పై అంచు కింద అమర్చాలి. అడుగున పెడితే నీరు నిండిన పడవ బోర్లాపడుతుంది. పక్కల పైభాగంలో ఉంటే నిటారుగా తేలుతుంది. చౌకగా దొరుకుతుందని థర్మోకోల్ నింపి దానిపై పాలిఎస్టర్ రెసిన్ పూయరాదు. రెసిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించివేస్తుంది. పైకి పెట్టె నిండుగా కనిపించినా లోపల ఏమీ మిగలదు.

నీటి పరీక్ష

మరమ్మతు పూర్తయిన పడవను నేరుగా లోతు నీటికి తీసుకుపోరాదు. నడుము లోతు నీటిలో రెండు పరీక్షలు చేయాలి. మొదట, తూచిన ఇసుక బస్తాలు ఒక్కొక్కటిగా వేస్తూ, నీటి మట్టం నుంచి పై అంచు వరకు ఎంత ఎత్తు మిగిలిందో కొలవాలి. సంఘం పెద్దల సమక్షంలో సురక్షిత మట్టాన్ని నిర్ణయించి, పక్కన చెరగని రంగుతో గీత గీయాలి. కలుపు ఎత్తేటప్పుడు ఆ గీత నీటికి తాకితే పడవ గట్టుకు రావాలి. రెండవ పరీక్షలో బస్తాలు తీసి, పడవను నీటితో నింపి, ముగ్గురు పక్కలు పట్టుకుని చూడాలి. నిటారుగా తేలితేనే తేలుడు గదులు పనిచేస్తున్నట్లు. ఈ దృశ్యాన్ని ఒకసారి చూసినవారికి తేలుడు గదుల అవసరం గురించి వేరుగా ఉపన్యాసం అక్కరలేదు.

భద్రత, పర్యావరణం

స్టైరీన్ ఆవిరి సుమారు 31 డిగ్రీల వద్దే నిప్పంటుకోగలదు. మన వేసవి మధ్యాహ్నాలు అంతకంటే వేడి. కావున పని చేసే చోట బీడీ, పొయ్యి, వెల్డింగు పూర్తిగా నిషిద్ధం. మూసిన గదిలో కాక గాలి ఆడే పందిరి కింద పని చేయాలి. ఉత్ప్రేరకం కంటిలో పడితే చూపు పోయే ప్రమాదముంది. అద్దాలు ధరించాలి, పడిన వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. గాజు ధూళికి ముఖ కవచం, పూర్తి చేతుల చొక్కా, చేతి తొడుగులు కావాలి. మిగిలిన కలిపిన రెసిన్ పాత్రలోనే వేడెక్కి పొగలు కక్కగలదు. దానిని ఆరుబయట ఇసుక మీద గట్టిపడనివ్వాలి.

అరగదీసిన పొడి చెరువులో పడితే అది ఎన్నటికీ కుళ్లదు. కాబట్టి శిఖం భూమిలో గానీ తూము, మత్తడి దరిదాపుల్లో గానీ ఈ పని చేయరాదు. కింద టార్పాలిన్ పరచి, పొడిని తడిపి, సంచిలో కట్టి వ్యర్థాల సేకరణకు అప్పగించాలి, కాల్చరాదు. చెరువును శుభ్రం చేసే పడవ చెరువును మలినం చేయకూడదు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మరమ్మతు చేసే చేయి పనివారిది. నిర్ణయం, శిక్షణ, పర్యవేక్షణ మనవి. ఈ దిశగా కొన్ని సూచనలు:

• ప్రతి సంఘ పడవకు ఒక నమోదు పత్రం ఉంచాలి. దెబ్బ తేదీ, స్థానం, వాడిన రెసిన్ రకం, పొరల సంఖ్య, నీటి పరీక్ష ఫలితం అందులో రాయాలి. తరువాతి మరమ్మతుకు ఇదే ఆధారం.

• ఏటా మే నెలలో కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్య శాఖ కలిసి ఒక పాత గుల్లపై ప్రదర్శన నిర్వహించవచ్చు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, దాని విశాఖపట్నం పరిశోధన కేంద్రం, హైదరాబాదులోని జాతీయ మత్స్య అభివృద్ధి మండలి సలహాలకు సంప్రదించదగిన సంస్థలు.

• విద్యార్థులకు ప్రయోగశాల పాఠంగా, ఒకే మందం గల రెండు పట్టీలను ఒకటి నిలువు అంచుతో, మరొకటి వాలు అంచుతో అతికించి, మధ్యలో బరువు వేలాడదీసి ఏది ముందు విరుగుతుందో చూపాలి. ఈ వ్యాసంలోని ప్రధాన సూత్రం ఆ ఒక్క ప్రయోగంలో ఇమిడి ఉంది.

• రెసిన్‌ను సంఘాలు ఏళ్ల తరబడి నిల్వ చేయకుండా చూడాలి. వేడికి అది కొద్ది నెలలలోనే డబ్బాలో గట్టిపడుతుంది. అవసరమైన నెలలో తాజాగా కొనడం మేలు.

ముగింపు

ఫైబర్ గ్లాసు పడవ మరమ్మతులో కష్టమైన రసాయన శాస్త్రం ఏమీ లేదు. ఓర్పుతో చేయవలసిన పనులున్నాయి. పూర్తిగా ఎండనివ్వడం, దెబ్బ హద్దు దాటి కోయడం, మందానికి పన్నెండు రెట్లు వాలు తీయడం, మోతాదు తూచి కలపడం, నీటిలో పరీక్షించడం అనే అయిదు పనులలో ఏ ఒక్కటి వదిలినా మిగిలిన నాలుగూ వృథా అవుతాయి. అన్నీ పాటిస్తే అర కిలో రెసిన్‌తో ఒక పడవ మరికొన్ని సంవత్సరాలు నీటిపై నిలుస్తుంది. తూముకు అడ్డుపడిన కలుపు తొలగుతుంది. జాలరి థర్మోకోల్ తెప్పపై కలుపు నడుమకు వెళ్లవలసిన అవసరం తప్పుతుంది. వచ్చే వానాకాలానికి ముందే తమ పరిధిలోని చెరువు కట్టల మీద బోర్లా పడి ఉన్న పడవలను ఒకసారి తట్టి చూడవలసిందిగా క్షేత్రస్థాయి శాస్త్రవేత్తలకు సూచన.